తీగల జంట

శబ్దం ఆకాశగుణమని తార్కికులు చెప్పారు. పుట్టిన శబ్దం శ్రోత చెవిని ఎట్లా చేరుతుందన్న ప్రశ్నకు వారు రెండు న్యాయాలను చూపారు. కొలనులో రాయి పడినప్పుడు ఒక అల మరొక అలను పుట్టిస్తూ ఒడ్డు వరకు సాగినట్లుగా శబ్దం సాగుతుందనేది వీచీతరంగ న్యాయం. కడిమి మొగ్గ ఒక్కసారిగా అన్ని వైపులకూ విచ్చుకొన్నట్లుగా శబ్దం దశదిశలకూ వ్యాపిస్తుందనేది కదంబముకుళ న్యాయం. ఉపమానాలు వేరైనా రెండింటిలోనూ ఒకే సత్యం దాగి ఉంది. అన్ని దిక్కులకూ పంచిపెట్టే ధనం ఏ దిక్కునా ఎక్కువ దూరం నిలువదు. ఆరుబయట ధ్వని ప్రయాణించే దూరం రెట్టింపైతే దాని తీవ్రత నాలుగోవంతుకు పడిపోతుందని నేటి భౌతికశాస్త్రం లెక్కకట్టి చెబుతున్నది. అందువల్లనే ఎంతటి కంచుకంఠమైనా కొన్ని వందల గజాలకు మించి వినబడదు.

ఈ పరిమితిని దాటడానికి మానవుడు కనుగొన్న ఉపాయం ధ్వనిని విద్యుత్తుగా మార్చి తీగపై నడిపించడం. మైక్రోఫోను గాలిలోని కంపనాలను విద్యుత్ స్పందనలుగా మారుస్తుంది. తీగ వాటిని మోసుకొనిపోతుంది. ఆవలి చివర ఆంప్లిఫైయరు వాటి శక్తిని పెంచితే, లౌడ్‌స్పీకరు తిరిగి వాటిని ధ్వనిగా మారుస్తుంది. వినడానికి ఇది సులభంగానే ఉన్నా, ఆచరణలో ఒక చిక్కు ఎదురవుతుంది. తీగ తనకు అప్పగించిన ధ్వనిని మాత్రమే మోయదు. దారిలో దొరికిన రొదనంతటినీ తన వెంట తెస్తుంది. ఆ రొదను దారిలోనే వదిలించుకొని, పలికిన మాటను పలికినట్లుగా దూరతీరానికి చేర్చే పద్ధతికి సమతుల ధ్వనిప్రసారం అని పేరు. దానికి ఆధారం ఒకదానితో ఒకటి పెనవేసుకొన్న రెండు తీగల జంట.

ఈ చిక్కు ఎటువంటిదో తెలియాలంటే బనగానపల్లె వంటి ఊరిని గమనించాలి. ఒకప్పుడు నవాబుల సంస్థానానికి రాజధానిగా ఉండి, నేడు నంద్యాల జిల్లాలో ఉన్న ఈ పట్టణం మామిడికి ఎంత ప్రసిద్ధమో, నాపరాతికి అంత ప్రసిద్ధం. చుట్టుపక్కల గనుల నుండి వచ్చే రాతిపలకలను కోసి నునుపు చేసే యంత్రాలు మోటార్లతో నడుస్తాయి. పొలాలలో బోరుబావుల మోటార్లు తిరుగుతుంటాయి. సమీపంలోని యాగంటి ఉమామహేశ్వర క్షేత్రంలో శివరాత్రికి, నందవరం చౌడేశ్వరీదేవి సన్నిధిలో ఉత్సవానికి జనం గుమికూడినప్పుడు విద్యుద్దీపాల తోరణాలు, అంగళ్ళ దీపాలు, జనరేటర్లు పక్కపక్కనే పనిచేస్తుంటాయి. వీటన్నింటికీ విద్యుత్తును అందించే తీగల చుట్టూ సెకనుకు వందసార్లు దిశ మార్చుకొనే అయస్కాంత క్షేత్రం ఆవరించి ఉంటుంది. ఆ క్షేత్రంలో గల ఏ తీగలోనైనా విద్యుత్ ప్రేరణ కలుగుతుంది. మైకు తీగ అందుకు మినహాయింపు కాదు. మైక్రోఫోను నుండి వెలువడే విద్యుత్తు కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. ఇళ్ళలో వాడే విద్యుత్తు 230 వోల్టులు. సింహం పక్కన చిట్టెలుక నడిచినట్లుగా, ఇంతటి మహాశక్తి పక్కన ఆ సూక్ష్మ సంకేతం ప్రయాణించవలసి ఉంటుంది. ఆంప్లిఫైయరుకు మాట ఏదో, రొద ఏదో తెలియదు. రెండింటినీ సమానంగా పెంచి లౌడ్‌స్పీకరుకు అందిస్తుంది. హరికథకుని గొంతు వెనుక ఎడతెగక వినిపించే ‘హుం’కారం అట్లా పుట్టినదే.

సాధారణమైన మైకు తీగలో లోపల ఒక తీగ, దాని చుట్టూ అల్లిన వల వంటి లోహపు తొడుగు ఉంటాయి. సంకేతం లోపలి తీగ గుండా వెళ్ళి, తొడుగు గుండా తిరిగి వస్తుంది. ఆ తొడుగే భూమికి కూడా కలిసి ఉంటుంది. ఒక తీగకు ఒక బాధ్యత, రెండవదానికి రెండు బాధ్యతలు ఉండటం వల్ల దీనిని అసమతుల మార్గమంటారు. నాలుగైదు గజాల దూరానికి ఇది చక్కగా పనిచేస్తుంది. దూరం పెరిగినకొద్దీ దీనిలోని లోపం బయటపడుతుంది. వేదిక వద్ద ఒక పరికరం, మైదానం ఆవలి చివర మరొక పరికరం వేర్వేరు చోట్ల భూమికి కలిసి ఉన్నప్పుడు ఆ రెండు చోట్లా భూమి విద్యుత్పీడనం ఒక్కటిగా ఉండదు. ఆ భేదం వల్ల తొడుగు గుండా ఒక చిన్న విద్యుత్ప్రవాహం నిరంతరం సాగుతుంది. అది సంకేతంతో కలిసి రొదగా వినిపిస్తుంది. రాయలసీమలో ఈ బాధ మరింత హెచ్చు. తడి లేని నేల, రాతి నేల విద్యుత్తును తేలికగా ఇంకించుకోదు. ఎర్తుగుంటలో బొగ్గు, ఉప్పు వేసి నీరు పోస్తూ ఉంటే తప్ప ఎండాకాలంలో భూసంధానం సక్రమంగా ఉండదు.

ఇక్కడ ఒక ప్రమాదకరమైన అలవాటును గూర్చి చెప్పుకోవాలి. ఆంప్లిఫైయరు ప్లగ్గులోని మూడవ పిన్నును తొలగిస్తే పరికరానికి భూమితో సంబంధం తెగిపోతుంది. రొద కూడా తగ్గుతుంది. ఈ చిట్కా తెలిసినవారు కొందరు దీనిని నేర్పుగా భావిస్తారు. కాని ఆ మూడవ పిన్ను ప్రాణరక్షణకు ఏర్పరచినది. పరికరంలో ఎక్కడైనా పొర చిట్లి విద్యుత్తు లోహపు పెట్టెకు సోకితే, అది ఎర్తు తీగ గుండా భూమిలోకి పోయి ఫ్యూజును తెగగొడుతుంది. ఎర్తు లేనప్పుడు ఆ విద్యుత్తు మైకును పట్టుకొన్న మనిషి శరీరాన్నే మార్గంగా చేసుకొంటుంది. వాన తడిసిన వేదికపై ఉత్త పాదాలతో నిలిచిన గాయకునికి అది మృత్యుపాశమే. చెవికి సుఖం కోసం ప్రాణాన్ని పణంగా పెట్టవలసిన అవసరం లేదు. రొదను పోగొట్టడానికి నిరపాయమైన మార్గం నూరేళ్ళకు పూర్వమే తెలిసి ఉంది.

ఆ మార్గం టెలిఫోను చరిత్రలో నుండి పుట్టింది. తంతివార్తల కాలంలో ఒక్క తీగతోనే పని జరిగేది. జర్మను శాస్త్రవేత్త స్టెయిన్‌హైల్ 1838లో భూమినే తిరుగు మార్గంగా వాడుకోవచ్చునని గ్రహించినప్పటి నుండి తంతి శాఖలకు సగం తీగ ఆదా అయింది. అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1876లో టెలిఫోనును కనుగొన్న తరువాత తొలి టెలిఫోన్లు కూడా ఇదే ఒంటితీగ పద్ధతిని అనుసరించాయి. భారతదేశంలో 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో టెలిఫోను కేంద్రాలు ప్రారంభమయ్యాయి. తంతి యంత్రం టకటకలను మాత్రమే పంపుతుంది కనుక కొద్దిపాటి రొద దానికి అడ్డు కాలేదు. మాటను మోసే టెలిఫోనుకు అదే రొద పెద్ద శత్రువైంది. పక్క స్తంభాలపై సాగే తంతి సంకేతాలు, నగరాలలో కొత్తగా వచ్చిన విద్యుత్ ట్రాముల రొద, విద్యుద్దీపాల తీగల ప్రభావం అన్నీ టెలిఫోనులో వినబడసాగాయి.

దీనికి బెల్ స్వయంగా ఒక పరిష్కారాన్ని సూచించాడు. భూమిని తిరుగు మార్గంగా వాడక, ప్రతి టెలిఫోనుకూ రెండు తీగలు ఏర్పరచి, ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి మెలిపెట్టవలెనని ఆయన 1881లో పొందిన పేటెంటులో వివరించాడు. స్తంభాలపై సాగే తీగలను మెలిపెట్టడం సాధ్యం కాదు గనుక నియమితమైన దూరానికొకసారి రెండు తీగల స్థానాలను పరస్పరం మార్చేవారు. కుడిది ఎడమకు, ఎడమది కుడికి వచ్చేది. ఉపాయం వేరైనా ఉద్దేశం ఒక్కటే. రొదకు మూలమైన తీగకు రెండు తీగలూ సగటున సమాన దూరంలో ఉండాలి. అప్పుడు రెండింటిలోనూ రొద సమానంగా ప్రేరితమవుతుంది.

రొద సమానంగా చేరితే కలిగే లాభమేమిటి? దీనికి త్రాసును ఉదాహరణగా చెప్పుకోవచ్చు. త్రాసు ముల్లు రెండు పళ్ళెములలోని బరువుల భేదాన్ని మాత్రమే చూపుతుంది. రెండు పళ్ళెములపైనా సమానంగా వాన కురిసినా, సమానంగా దుమ్ము పడినా ముల్లు కదలదు. ఒక పళ్ళెంలో అదనంగా గురిగింజ వేసినా వెంటనే కదులుతుంది. సమతుల మార్గం చివర ఉండే ఆంప్లిఫైయరు ఆ త్రాసు వంటిది. అది రెండు తీగల వోల్టేజీల భేదాన్ని మాత్రమే గ్రహిస్తుంది. పంపే చివర సంకేతాన్ని రెండుగా చేసి, ఒక తీగపై ఉన్నదానికి సరిగ్గా విరుద్ధమైనదానిని రెండవ తీగపై పంపుతారు. ఒక క్షణంలో మొదటి తీగపై ధన 0.5 వోల్టు, రెండవ తీగపై రుణ 0.5 వోల్టు ఉన్నదనుకొందాం. భేదం 1 వోల్టు. దారిలో రెండింటికీ 0.2 వోల్టు రొద చేరింది. ఇప్పుడు మొదటిది ధన 0.7, రెండవది రుణ 0.3 అవుతుంది. వాటి భేదం మళ్ళీ 1 వోల్టే. మాట నిలిచింది, రొద మాయమైంది. దారిలో చేరిన మలినాన్ని గమ్యంలో అంకగణితమే కడిగివేసింది.

అయితే త్రాసు సరిగా పనిచేయాలంటే దాని దండం రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒక భుజం పొడవు, మరొకటి పొట్టి అయితే సమానమైన బరువులు వేసినా ముల్లు పక్కకు వాలుతుంది. సమతుల మార్గానికి కూడా ఇదే నియమం. రెండు తీగలపైన విరుద్ధ సంకేతాలు ఉండటమే సమతులత అని చాలామంది భ్రమపడతారు. అసలైన సమతులత సంకేతంలో లేదు. భూమిని అపేక్షించి రెండు తీగలకూ గల అవరోధం సమానంగా ఉండటంలో ఉంది. అవరోధాలు సమానమైతే రొద రెండింటిలోనూ సమానంగా నిలుస్తుంది. సంకేతాన్ని ఒక్క తీగపైనే పంపినప్పటికీ, రెండవ తీగకు అదే అవరోధం కల్పిస్తే రొద యథావిధిగా రద్దవుతుంది. ఒక జోడు వదులుగా ఉన్నా, ఒక చోట తుప్పు పట్టినా ఈ సమానత్వం చెడుతుంది. సంకేతం ఎంత శుద్ధంగా ఉన్నా రొద తిరిగి తలయెత్తుతుంది. అందుకే తీగల జంటను పరీక్షించేవారు మొదట జోడులనే పరిశీలిస్తారు. మంచి గ్రాహక పరికరం రెండు తీగలకూ సమానంగా చేరిన రొదను 60 డెసిబెళ్ళ మేరకు తగ్గిస్తుంది. అంటే వోల్టేజీలో వెయ్యోవంతుకు తెస్తుందన్నమాట.

ఒకే సంకేతాన్ని రెండు తీగలకు పంచడానికి, తిరిగి భేదాన్ని గ్రహించడానికి ప్రాచీనమైన సాధనం ట్రాన్స్‌ఫార్మరు. దానిలోని రెండు తీగచుట్టలకూ నడుమ లోహసంబంధం లేదు. అయస్కాంత క్షేత్రమే వాటిని కలుపుతుంది. అందువల్ల వేదిక వద్ద భూమికి, మైదానం చివరి భూమికి నడుమ గల విద్యుత్పీడన భేదం సంకేతంలో ప్రవేశించలేదు. పరికరాలు రెండూ తమ తమ ఎర్తులను నిలుపుకొంటాయి. మూడవ పిన్నును తొలగించే దుస్సాహసానికి ఇదే సరియైన ప్రత్యామ్నాయం. నేడు ట్రాన్స్‌ఫార్మరుకు బదులు ఎలక్ట్రానిక్ పరికరాలు కూడా ఈ పనిని నిర్వహిస్తున్నాయి. అయినా భూసంధానం సరిగా లేని చోట, దూరం ఎక్కువైన చోట ట్రాన్స్‌ఫార్మరుకే గౌరవం.

టెలిఫోను కోసం వేసిన తీగలపై సంగీతాన్ని పంపవచ్చుననే ఆలోచన కూడా పాతదే. 1881లో పారిస్ నగరంలో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో క్లెమెంట్ ఆడెర్ అనే ఇంజనీరు ఆపెరా రంగస్థలం మీది గానాన్ని తీగల ద్వారా ప్రదర్శనశాలకు చేర్చాడు. శ్రోతలు రెండు చెవులకూ రెండు టెలిఫోన్లు ఆనించుకొని విన్నారు. 1933 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో వాద్యబృందం వాయిస్తుండగా, సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరాన వాషింగ్టన్‌లోని సభామందిరంలో ప్రేక్షకులు విన్నారు. బెల్ ప్రయోగశాల వారు ఆ నాదాన్ని మూడు మార్గాలుగా విభజించి టెలిఫోను కేబులులోని తీగల జంటలపై నడిపించారు. వేదికపై వాద్యకారులు లేకున్నా కుడి ఎడమల భేదంతో సహా సంగీతం వినిపించింది.

తెలుగునాట ఈ విద్యకు ఆశ్రయమిచ్చినది ఆకాశవాణి. 1935లో హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో ఆరంభమైంది. 1948లో విజయవాడ కేంద్రం, 1963లో కడప కేంద్రం వెలిశాయి. రేడియో కేంద్రంలో గాయకుడు పాడే స్టూడియో ఒక చోట, గగనతలంలోకి తరంగాలను విడుదల చేసే ప్రసారిణి మరొక చోట ఉంటాయి. ఊరిమధ్యనున్న స్టూడియో నుండి ఊరి వెలుపలి ప్రసారిణికి ధ్వనిని చేర్చడానికి, ఆలయోత్సవాలు, సభలు, సంగీత కచేరీలు జరిగే చోట్ల నుండి ప్రత్యక్ష ప్రసారం చేయడానికి చాలాకాలం పాటు టెలిఫోను శాఖ వారి తీగల జంటలే ఆధారం. భద్రాచల సీతారామ కల్యాణానికి ఉషశ్రీ చెప్పిన వ్యాఖ్యానాన్ని రేడియో చుట్టూ చేరి విన్న తరం వారికి ఆ మాటల వెనుక ఎంతటి సాంకేతిక శ్రమ దాగి ఉండేదో తెలియదు. వక్త గొంతు అందరికీ తెలుసు. ఆ గొంతును ఇంటింటికీ చేర్చిన రాగితీగలను ఎవరూ తలచుకోరు.

టెలిఫోను తీగ మాటకు సరిపోతుంది. సంగీతానికి అట్లాగే సరిపోదు. సంభాషణ అర్థం కావడానికి 300 నుండి 3400 హెర్ట్జ్‌ల వరకు గల పౌనఃపున్యాలు చాలు. వీణ మీటులోని సొగసు, మృదంగంలోని గుమికి, తాళాల గలగల వినబడాలంటే ఈ హద్దులకు ఇరువైపులా విస్తృతి కావాలి. దూరపు తీగలలో మాట క్షీణించకుండా దారి పొడవునా నిర్ణీత దూరాలలో తీగచుట్టలను అమర్చే పద్ధతి 1900 ప్రాంతంలో అమలులోకి వచ్చింది. ఇంగ్లండుకు చెందిన ఆలివర్ హెవీసైడ్ సిద్ధాంతాన్ని ప్రతిపాదించగా, అమెరికాలో ప్యూపిన్, క్యాంప్‌బెల్ దానికి ఆచరణరూపం కల్పించారు. ఆ చుట్టలు మాటను కాపాడుతాయి గాని ఎత్తైన స్వరాలను అడ్డగిస్తాయి. కాబట్టి సంగీతం కోసం ఎంచుకొన్న జంటల నుండి వాటిని తొలగించి లేదా మార్చి, ఆవలి చివర సమీకరణి అనే పరికరంతో క్షీణించిన పై స్వరాలను తగిన మేరకు పెంచేవారు. 1980ల నుండి ఇన్సాట్ ఉపగ్రహాలు అందుబాటులోకి రావడంతో దూరప్రాంతాల మధ్య రేడియో ప్రసారాలకు తీగలపై ఆధారపడవలసిన అవసరం క్రమంగా తగ్గింది.

రైల్వేశాఖ కథ కూడా గమనింపదగినదే. పట్టాల పొడవునా స్టేషన్ల మధ్య మాటలు నడపడానికి మొదట స్తంభాలపై సాగే తీగలు ఉండేవి. రైళ్ళు విద్యుత్తుతో నడిచే మార్గాలలో పట్టాల మీది తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. దాని పక్కన సాగే స్తంభాల తీగలలో తీవ్రమైన ప్రేరణ కలుగుతుంది. అందువల్ల అటువంటి మార్గాలలో నాలుగేసి తీగలను పెనవేసి, లోహపు తొడుగుతో కప్పిన కేబులును భూమిలో పూడ్చి వాడారు. రొదకు మూలం ఎంత బలమైనదో, సమతులత అంత కచ్చితంగా ఉండాలనే పాఠాన్ని ఆ మార్గాలు నేర్పాయి.

నేటి విద్యాసంస్థలలో, కార్యాలయాలలో, ఆలయ ప్రాంగణాలలో మరొక రకమైన తీగలు గోడల వెంట సాగుతున్నాయి. అవి కంప్యూటర్ల అనుసంధానానికి వేసిన నెట్‌వర్కు కేబుళ్ళు. ఒక్కొక్క కేబులులో నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగుల నాలుగు జంటలుంటాయి. ప్రతి జంటలోనూ రంగు తీగకు తోడుగా తెలుపు చారలు గల తీగ ఒకటి ఉంటుంది. ఒక జంట మెలిక మరొక జంట మెలికతో సమానంగా ఉండదు. సమానంగా ఉంటే పక్కపక్క జంటల మధ్య సంకేతాలు పరస్పరం చొరబడతాయి. బెల్ చూపిన ఉపాయాన్ని ఇంత శ్రద్ధగా పాటించిన ఈ కేబులు మోస్తున్నది కంప్యూటరు సమాచారమే అయినా, దాని నిర్మాణం సమతుల ధ్వనికి కూడా తగినదే. వాడకంలో లేక మిగిలిపోయిన ఒక్క కేబులు నాలుగు ధ్వనిమార్గాలను మోయగలదు. కొత్త తీగలకు పెట్టవలసిన ఖర్చు, గోడలు తొలచవలసిన శ్రమ తప్పుతాయి.

ఎంత దూరం మోయగలదో లెక్క వేసి చూడవచ్చు. కళాశాల సభామందిరం నుండి ఆటస్థలం వరకు 300 మీటర్ల కేబులు ఉన్నదనుకొందాం. దాని తీగ నిరోధం వంద మీటర్లకు 9 ఓములకు కొంచెం ఎక్కువ. పోయే తీగ, వచ్చే తీగ కలిపి మొత్తం 56 ఓములవుతుంది. అందుకొనే పరికరపు అవరోధం 10,000 ఓములైతే తీగలో కలిగే నష్టం నూటికి ఒకపాలు కూడా ఉండదు. కాని జంటలోని రెండు తీగల నడుమ మీటరుకు సుమారు 50 పికోఫారడ్ల కెపాసిటీ ఉంటుంది. 300 మీటర్లకు అది 15 నానోఫారడ్లు. ఇది ఎత్తైన స్వరాలను దారిలోనే మింగివేస్తుంది. పంపే పరికరపు అవరోధం 10,000 ఓములైతే వెయ్యి హెర్ట్జ్‌లు దాటిన స్వరాలన్నీ కుంగిపోయి, గొంతు కంబళి కప్పుకొన్నట్లు వినిపిస్తుంది. 600 ఓములైతే 17,000 హెర్ట్జ్‌ల వరకు స్వరం నిలుస్తుంది. 100 ఓములైతే మానవుని చెవి వినగల స్వరాలన్నీ చెక్కుచెదరక చేరుతాయి. తక్కువ అవరోధంతో పంపి ఎక్కువ అవరోధంతో అందుకోవాలన్నది దూరధ్వనికి మూలసూత్రం.

రెండవ సూత్రం సంకేతబలానికి సంబంధించినది. మైక్రోఫోను ఇచ్చే కొన్ని మిల్లీవోల్టులను నేరుగా దూరతీగపై పంపడం కంటే, వేదిక వద్దనే మిక్సరులో ఒక వోల్టు స్థాయికి పెంచి పంపడం మేలు. మిగిలిపోయిన కొద్దిపాటి రొద దాని ముందు గుర్తుకు రాకుండా పోతుంది. మూడవ సూత్రం, సజాతీయాన్ని సజాతీయంతోనే ఉంచడం. ఆంప్లిఫైయరు నుండి హారన్లకు పోయే తీగలలో వోల్టేజి వందవరకూ ఉండవచ్చు. వాటిని, మైకు సంకేతాలను మోసే జంటలను ఒకే కేబులులో నడిపితే బలమైనది బలహీనమైనదానిలోకి చొరబడి ఈలవేస్తుంది. విద్యుత్ సరఫరా తీగలకు కూడా ధ్వనిమార్గం ఎడంగా ఉండాలి. రెండూ ఒకదానినొకటి దాటవలసివస్తే లంబకోణంలో దాటించాలి. సమాంతరంగా నడిస్తే ప్రేరణ ఎక్కువ. అడ్డంగా దాటితే తక్కువ.

ఉన్న తీగలను వాడుకోవడంలో పొదుపు ఎంత ఉన్నదో, బాధ్యత కూడా అంతే ఉన్నది. తీగ పైకి మూగగా కనిపించినా దానిలో విద్యుత్తు ఉండవచ్చు. పనిచేస్తున్న టెలిఫోను లైనులో 48 వోల్టుల విద్యుత్తు నిలిచి ఉంటుంది. గంట మోగే సమయంలో అంతకంటె హెచ్చు వోల్టేజి వస్తుంది. అది సంస్థ సొత్తు కూడా. దానికి సొంత పరికరాలను తగిలించడం తగదు. నెట్‌వర్కు కేబుళ్ళలో కొన్ని కెమెరాలకు, ఫోన్లకు విద్యుత్తును సైతం అందిస్తాయి. అటువంటి తీగకు ధ్వని పరికరాన్ని కలిపితే పరికరం పాడవుతుంది. కాబట్టి కేబులు రెండు చివరలనూ ఇతర పరికరాల నుండి విడదీసి, మీటరుతో పరీక్షించి, రెండు వైపులా చీటీ అంటించిన తరువాతనే వాడాలి. మైక్రోఫోన్లకు కూడా ఇదే రకంగా విద్యుత్తును జంట తీగల గుండా పంపే పద్ధతి ఒకటి ఉంది. 1966లో నార్వే రేడియో సంస్థ కోసం జర్మనీలోని నాయ్‌మన్ సంస్థ 48 వోల్టుల ఈ పద్ధతిని రూపొందించింది. రెండు తీగలపైనా విద్యుత్పీడనం సమానంగా ఉండటం వల్ల భేదాన్ని మాత్రమే గ్రహించే పరికరానికి అది కనిపించదు. సంకేతానికి అడ్డు రాకుండా అదే తీగపై ఆహారం కూడా అందుతుంది.

ఇంతటి శ్రమ ఎవరికోసమని ప్రశ్నించవచ్చు. వేదిక ముందు వరుసలో కూర్చున్నవారికి మైకు లేకున్నా మాట వినబడుతుంది. తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, లెక్కలు అన్నీ చివరి వరుసలో నిలిచినవారి కోసం. జాతరలో తప్పిపోయిన పసివాని పేరు పిలిచినప్పుడు అది మైదానం ఆవలి అంచున ఉన్న తల్లికి స్పష్టంగా వినబడాలి. తొక్కిసలాట జరగబోయే వేళ ‘నెమ్మదిగా నడవండి, ఎడమ వైపుకు తిరగండి’ అని చెప్పిన మాట రొదలో కలిసిపోతే ప్రాణాలకే ముప్పు. పెద్దగా వినిపించడం వేరు, స్పష్టంగా వినిపించడం వేరు. హారన్ల సంఖ్య పెంచితే రొద కూడా పెరుగుతుంది. రొదను మూలంలోనే తొలగిస్తే తక్కువ శబ్దంతోనే ఎక్కువమందికి మాట అందుతుంది. ఇరుగుపొరుగువారి నిద్ర కూడా చెడదు.

కాలం మారి ధ్వని అంకెల రూపంలోకి మారింది. ఒకే నెట్‌వర్కు కేబులుపై అనేక ధ్వనులను సమాచారపు పొట్లాలుగా పంపే విధానాలు వ్యాప్తిలోకి వచ్చాయి. అయినా ఆ అంకెలను మోసేది కూడా మెలిపెట్టిన తీగల జంటే. కంప్యూటరుకు, ముద్రణ యంత్రానికి నడుమ సమాచారాన్ని మోసే యూఎస్‌బీ తీగలో సైతం రెండు తీగల భేదమే సందేశం. ఒంటితీగ తనపై పడిన ప్రతిదానినీ సందేశమని భ్రమించి మోసుకొనిపోతుంది. జంట తీగలు కష్టాన్ని సమానంగా పంచుకొని, పంచుకొన్నదానిని గమ్యంలో విడిచిపెట్టి, తమకు అప్పగించిన మాటను మాత్రమే అందిస్తాయి. రాగితీగలకు శాస్త్రం నేర్పిన సమతులత ఇదే.